బూస్ట్ సగానికి పడిపోయిన జీపు: టర్బో విప్పకముందు చూడాల్సినవి

ప్రశ్న: నమస్తే సార్. మాది దేవరకొండ దగ్గర పల్లె. నా దగ్గర పాత కమాండర్ డిఐ జీపు ఉంది, 2523 సీసీ ఇంజన్, ఫోర్ వీల్. ఏడాదిన్నర కింద వేరే బండికెల్లి తీసిన టర్బో, ముందట ఆ టర్బో గాలిని సల్లబరిచే చిన్న ఇంటర్‌కూలర్ పెట్టించిన. గుట్టల్ల, వాగుల్ల తిప్పుత. మొదట్ల బూస్ట్ మీటర్ 0.7 బార్ దాకా పోయేది. రెండు నెలల సంది 0.35 దాటుత లేదు. శ్రీశైలం డ్యాం కాడికెల్లి ఈగలపెంట దిక్కు ఎక్కుతుంటే నల్లపొగ, టెంపరేచర్ ముల్లు పైకి పోతున్నది. ఎక్సలేటర్ తొక్కితే బానెట్ కింద సుయ్‌మని చప్పుడు. ఒక మేస్త్రీ టర్బో పోయింది మార్చాలె అన్నడు. ఇంకొకాయన డీజిల్ పంపు స్క్రూ అర చుట్టు తిప్పిండు. 0.4 వచ్చింది గని పొగ ఇంకా ఎక్కువైంది. మూడో ఆయన యాక్చుయేటర్ రాడ్డు బిగిస్తే సెట్ అయితదంటున్నడు. ఎవరి మాట వినాలె?

జవాబు: ముగ్గురి మాటా ఇప్పుడే వినకండి. మీరు రాసిన రెండు గుర్తులు, నల్లపొగ, సుయ్‌మనే చప్పుడు, ఒకే దిక్కు చూపిస్తున్నాయి. టర్బో అంటే ఇంజన్ నుంచి పోయే పొగతో తిరిగి, గాలిని నొక్కి ఇంజన్‌కు పంపే పంకా; ఆ గాలి ఒత్తిడినే బూస్ట్ అంటాం. ఆ టర్బో నొక్కిన గాలి ఇంజన్‌కు చేరకముందే ఎక్కడో బయటికి పోతోంది. టర్బోలో లోపం ఉండదని కాదు. కానీ దాన్ని విప్పడం ఈ వరుసలో చివరి పని.

ముందు పంపు స్క్రూ సంగతి చూడండి. అది ఇప్పుడున్న చోట సున్నంతోనో వైట్‌నర్‌తోనో ఒక గీత పెట్టి, తిప్పిన అర చుట్టు ఈ రోజే వెనక్కి తిప్పించండి. ఆ స్క్రూ పావు చుట్టు తిరిగితేనే పొగలో తేడా కనిపిస్తుంది, అర చుట్టు అంటే చాలా ఎక్కువ. 0.35 నుంచి 0.4కి ముల్లు లేవడం చూసి పని జరిగిందనిపిస్తుంది. జరిగింది ఇది: డీజిల్ ఎక్కువైంది, సైలెన్సర్ వైపు పోయే పొగ మరింత వేడెక్కింది, ఆ వేడికి టర్బైన్ (టర్బోలో పొగ తిప్పే రెక్కల చక్రం) ఇంకా వేగంగా తిరిగింది, కారిపోయేది కారిపోగా ఇంకొంచెం గాలి మిగిలింది. చిల్లు పడ్డ కుండలో ఎక్కువ నీళ్లు పోస్తే మట్టం కాస్త లేచినట్టే. గాలి కారుతున్న టర్బో అసలే ఉండాల్సిన దానికంటే వేగంగా తిరుగుతుంటుంది. దానికి ఇంకా వేడి తోడైతే షాఫ్టు బేరింగులు అరుగుతాయి, పిస్టన్ల తల మీద వేడి పెరుగుతుంది. మీ ఇంజన్ మొదట టర్బో లేకుండా వచ్చిన రకం. దాని పిస్టన్లు, హెడ్ గాస్కెట్ ఆ అదనపు వేడిని ఎక్కువసేపు ఓర్చుకోలేవు. టెంపరేచర్ ముల్లు పైకి పోవడానికి సగం కారణం ఇదే కావచ్చు. స్క్రూ వెనక్కి వచ్చేదాకా ఘాట్ ఎక్కకండి.

డీజిల్ ఇంజన్‌లో బూస్ట్ ఒక్క టర్బో చేసే పని కాదు. డీజిల్ మండితే వేడి, వేడికి టర్బైన్ తిరగడం, అది తిరిగితే గాలి, ఆ గాలి ఉంటేనే డీజిల్ మళ్లీ పూర్తిగా మండడం. ఈ చక్రం ఎక్కడ తెగిందో పొగ చెబుతుంది. బూస్ట్ తక్కువ, పొగ నలుపు అంటే డీజిల్ వస్తోంది, గాలి చాలడం లేదు. గాలి దారి, వేస్ట్‌గేట్ (బూస్ట్ హద్దు దాటితే పొగను పక్కదారి పట్టించే తలుపు), సైలెన్సర్ వైపు వెతకాలి. బూస్ట్ తక్కువ, పొగే లేదు, బండి బద్ధకంగా ఉంది అంటే డీజిలే సరిగా అందడం లేదు. అప్పుడు డీజిల్ ఫిల్టర్ మూసుకుందా, డీజిల్ లైనులోకి గాలి లాగుతోందా, ఎక్సలేటర్ పూర్తిగా తొక్కినా కేబుల్ సాగి పంపు లివర్ చివరి దాకా పోవడం లేదా అని చూడాలి. పంపు మీద డయాఫ్రమ్ డబ్బా ఉన్న రకమైతే, దానికి మానిఫోల్డ్ (గాలిని సిలిండర్లకు పంచే గొట్టం) నుంచి వచ్చే సన్న గొట్టం పగిలినా ఇదే లక్షణం, ఎందుకంటే బూస్ట్ వచ్చిన కబురు పంపుకు అందదు. నీలం పొగ అంటే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. మీది నల్లపొగ కాబట్టి డీజిల్ దారిని ప్రస్తుతానికి పక్కన పెడదాం.

మీటర్ నిజం చెబుతోందా

ఒక గంట పని, ముందు ఇదే చేయండి. బండి నిలబెట్టి న్యూట్రల్‌లో రైజ్ చేస్తే ముల్లు కదలదు, కదిలినా 0.1 దాటదు. లోడు లేనిదే డీజిల్ టర్బోకు బూస్ట్ రాదు. షెడ్డులో ఎక్సలేటర్ కొట్టి "చూడు, బూస్ట్ రాలే, టర్బో పోయింది" అని ఎవరైనా అంటే ఆ మాట లెక్కలోకి తీసుకోవద్దు.

మీటర్‌కు వచ్చే సన్న గొట్టాన్ని రెండు చివరలా విప్పి నోటితో ఊదండి. మానిఫోల్డ్ దగ్గరి చివర తరచూ నల్లటి మసి, ఆయిల్ జిగురుతో సగం మూసుకుంటుంది. అట్లయితే ముల్లు నెమ్మదిగా లేస్తుంది. ఇంజన్ వేడికి కరిగి, మానిఫోల్డ్‌కు తగిలిన చోట సూది మొన అంత చిల్లు పడితే తక్కువ చూపిస్తుంది. మీటర్‌ను పంచర్ షాపు కంప్రెసర్‌కు రెగ్యులేటర్ ద్వారా కలిపి, వాళ్ల గేజీతో పోల్చండి. వాళ్లు 10 పాయింట్లు (పీఎస్‌ఐ) అంటే మీ మీటర్ దాదాపు 0.7 బార్ చూపాలి. 1 బార్ అంటే 14.5 పాయింట్లు. రెగ్యులేటర్ లేకుండా నేరుగా పెడితే బూస్ట్ మీటర్ లోపలి స్ప్రింగు అక్కడికక్కడే పోతుంది.

గొట్టం ఎక్కడి నుంచి తీశారో కూడా చూడండి. ఇంజన్ మానిఫోల్డ్ నుంచి తీసి ఉంటే ఇంజన్‌కు అందేది చూపిస్తుంది, అదే సరైన చోటు. టర్బో మూతి దగ్గర తీసి ఉంటే ఇంటర్‌కూలర్‌లో తగ్గిపోయేది మీకు కనపడదు.

గుట్ట ఎత్తు వల్ల, ఎండ వల్ల బూస్ట్ సగమైందని ఎవరైనా చెబితే ఆ లెక్క నిలబడదు. 500 మీటర్ల ఎత్తు ఎక్కితే బయటి గాలి ఒత్తిడి తగ్గేది 0.05, 0.06 బార్ మాత్రమే. 30 డిగ్రీల నుంచి 43 డిగ్రీలకు ఎండ పెరిగితే గాలి సాంద్రత తగ్గేది సుమారు 4 శాతం. 0.7 సగానికి రావడానికి ఇవి చాలవు.

గాలి లోపలికి వచ్చే దారి

2523 సీసీ ఇంజన్ 2500 ఆర్పీఎం మీద టర్బో లేకుండానే నిమిషానికి సుమారు 3,000 లీటర్ల గాలి అడుగుతుంది, అంటే 200 లీటర్ల డ్రమ్ములు 15. టర్బో పెట్టాక ఇంకా ఎక్కువ. ఆ గాలంతా పాత జీపు ఫిల్టర్ గుండానే రావాలి. మన పొలాల దుమ్ము, వరికోతల పొట్టు, పత్తి చేను పక్క నుంచి పోయినప్పుడు లేచే నూగు, ఇవన్నీ పేపర్ ఫిల్టర్‌ను నెల తిరక్కముందే మూసేయగలవు. ఫిల్టర్‌ను నేలకు కొట్టి దులిపితే పని కాదు. కాగితం మడతలో కనపడని చీలిక వస్తుంది, దాంట్లోంచి పోయే ఇసుక టర్బో రెక్కల అంచులు గీకేస్తుంది. మార్చేయండి, కొత్తది టర్బో ఖరీదు ముందు ఎంత.

మీది ఆయిల్ బాత్ రకం ఫిల్టర్ అయితే ఇంకో జాగ్రత్త. అందులో ఆయిల్ గీత దాటి పోస్తే, టర్బో లాగే గాలికి ఆ ఆయిల్ కూడా లోపలికి పోతుంది. డీజిల్ ఇంజన్ ఆ ఆయిల్‌నే తాగి, తాళం తీసినా ఆగకుండా పరుగెత్తే ప్రమాదం ఉంది. వాగులో ఒరిగిన బండికి ఇది మరీ ముప్పు. టర్బో బండికి పొడి పేపర్ ఫిల్టర్, పెద్ద సైజుది, వీలైనంత ఎత్తులో పెట్టించడమే మేలు.

ఫిల్టర్ నుంచి టర్బోకు వెళ్లే రబ్బరు గొట్టాన్ని చేత్తో పిండి చూడండి. ఇది లాగుడు వైపు గొట్టం. మెత్తబడితే లోడు మీద లోపలికి నక్కి, దారి సగం మూసుకుంటుంది. బండి ఆపగానే మళ్లీ గుండ్రంగా అవుతుంది కాబట్టి షెడ్డులో దొరకదు. లోపల తీగ చుట్ట ఉన్న గొట్టం వేస్తే ఆ బాధ ఉండదు.

అనుమానం తీరాలంటే మూడు మీటర్ల పారదర్శక గొట్టం ఒకటి కొనండి. ఒక చెక్క మీద యు ఆకారంలో, ఒక్కో కాలు మీటరు పైన ఉండేలా కట్టి సగం దాకా నీళ్లు పోయండి. ఒక చివర ఫిల్టర్‌కూ టర్బోకూ మధ్య గొట్టంలో చిన్న చిల్లుకు కలపండి, రెండోది తెరిచి వదలండి. పక్క సీట్లో ఒకరు ఆ చెక్కను నిటారుగా పట్టుకుంటే, మూడో గేరులో ఫుల్ ఎక్సలేటర్ మీద రెండు కాళ్ల నీటి మట్టాల మధ్య తేడా కొలవవచ్చు. 25 అంగుళాలు, అంటే సుమారు 63 సెంటీమీటర్లు దాటితే ఫిల్టరో గొట్టమో అడ్డం పడుతోందన్న మాట. పరీక్ష అయ్యాక ఆ చిల్లును సరిగా మూయండి. మరిచిపోతే అక్కడి నుంచి వడగట్టని దుమ్ము నేరుగా టర్బోకు పోతుంది.

సుయ్‌మనే చప్పుడు ఎక్కడిదో పట్టుకోవడం

నాకు ఎక్కువ నమ్మకం ఉన్నది ఇక్కడే. టర్బో కంప్రెసర్ (గాలిని నొక్కే వైపు) మూతి నుంచి ఇంటర్‌కూలర్, అక్కడి నుంచి మానిఫోల్డ్ దాకా మీ బండికి కనీసం నాలుగు రబ్బరు జాయింట్లు, ఎనిమిది క్లిప్పులు ఉంటాయి. రాళ్ల మీద ఎక్కి దిగేటప్పుడు ఇంజన్ మౌంటింగుల మీద ఒక వైపుకు ఊగుతుంది, ఇంటర్‌కూలర్ ఛాసిస్‌కు బిగిసి ఉంటుంది. ఆ ఊపంతా గొట్టాలే మోయాలి. రోడ్డు మీద పదేళ్లు నిలిచే జాయింటు గుట్టల్లో ఏడాదికే జారుతుంది.

కళ్లతో చూస్తే దొరకదు, గాలి కొట్టి చూడాలి. దీనికి చిన్న మూత ఒకటి చేసుకోండి. టర్బో లాగుడు మూతికి సరిపోయే రబ్బరు గొట్టం నాలుగు అంగుళాల ముక్క, దాని రెండో చివరలో బిగుతుగా పట్టే పీవీసీ ఎండ్ క్యాప్, రెండు క్లిప్పులు, ఒక ట్యూబ్‌లెస్ టైరు వాల్వు. క్యాప్‌కు మధ్యలో 11.5 మిల్లీమీటర్ల చిల్లు వేసి వాల్వును సబ్బు రాసి లాగితే కూర్చుంటుంది. వాల్వు లోపలి పిన్ను తీసేస్తే గాలి ధారాళంగా పోతుంది.

ఇంజన్ ఆపి, చల్లారనివ్వండి. బండిని గేరులో పెట్టి హ్యాండ్ బ్రేకు వేయండి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. ఇంజన్ ఆయిల్ పోసే మూత తీసేయండి, లేకుంటే రింగుల పక్క నుంచి, టర్బో సీళ్ల నుంచి క్రాంక్‌కేసులోకి (ఇంజన్ అడుగు భాగంలోకి) చేరే గాలి ఆయిల్ సీళ్లను బయటికి తోస్తుంది. టాపెట్ కవర్ నుంచి గాలి గొట్టానికి వచ్చే బ్రీదర్ పైపు మూత పెట్టే చోటుకు లోపలి వైపు కలిసి ఉంటే దాన్ని విప్పి, ఆ రంధ్రాన్ని మూసేయండి. అప్పుడు ఫిల్టర్ గొట్టం తీసి మీ మూత బిగించండి. పంచర్ షాపు రెగ్యులేటర్‌ను 5 పాయింట్ల దగ్గర మొదలుపెట్టి, అవసరమైతే 10 దాకా పోవచ్చు. అంతకు మించి వద్దు. ఆ పీవీసీ మూత జారితే రాయిలా ఎగురుతుంది, దాని ఎదురుగా ముఖం పెట్టకండి. మూతను తాడుతో మానిఫోల్డ్‌కు కట్టి ఉంచితే ఇంకా మంచిది.

సైలెన్సర్ గొట్టం నుంచి గాలి వస్తున్నట్టు వినిపిస్తే అది చిల్లు కాదు, వాల్వులు తెరుచుకుని ఉన్న సిలిండర్ గుండా పోతోంది. గాలి బంద్ చేసి, న్యూట్రల్‌లోకి తెచ్చి, క్రాంకు నట్టుకు పానా వేసి ఇంజన్‌ను కొంచెం తిప్పి మళ్లీ గేరులో పెట్టండి. ఆ చప్పుడు తగ్గే చోటు ఒకటి దొరుకుతుంది. ఇప్పుడు సర్ఫ్ నీళ్లు స్ప్రే సీసాలో పోసి ప్రతి జాయింటు మీద, అడుగు వైపు కూడా కొట్టండి. క్లిప్పు కింద నురగ లేస్తే జాయింటు. గొట్టం మధ్యలో లేస్తే చీలిక. ఇంటర్‌కూలర్ చివరి ట్యాంకు అంచు వెంట సన్నగా పొంగితే వెల్డింగు పగిలింది. మానిఫోల్డుకూ హెడ్డుకూ మధ్య నురగ వస్తే గాస్కెట్. గొట్టాలను చేత్తో అటూ ఇటూ వంచుతూ చూడండి. కొన్ని చీలికలు ఇంజన్ ఊగినప్పుడే నోరు తెరుస్తాయి.

జారిన జాయింటు దొరికితే ఉత్త క్లిప్పు బిగించి వదిలేయకండి. పైపు అంచుకు ఉబ్బెత్తు రింగు ఉందా చూడండి. కోసిన నున్నటి పైపు మీద ఎంత బిగించినా ఆయిల్ తగిలాక గొట్టం జారుతుంది. లేత్ షాపులో పైపు చుట్టూ 2 మిల్లీమీటర్ల ఎత్తు వెల్డు పూస వేయించి నునుపు చేయించండి. లోపల పడ్డ వెల్డింగు రజను, తుంపరలు ఒక్కటి కూడా మిగలకుండా కడిగించాలి. స్క్రూ తిప్పే మామూలు హోస్ క్లిప్పు బదులు టి-బోల్ట్ క్లాంపు, రేడియేటర్ గొట్టం బదులు లోపల నూలు పొరలున్న సిలికాన్ గొట్టం వేయించండి. రేడియేటర్ గొట్టం నీళ్ల కోసం చేసింది. టర్బో నుంచి వచ్చే ఆయిల్ ఆవిరికి ఉబ్బి మెత్తబడుతుంది, కొన్నిసార్లు లోపలి పొర ఊడి తలుపులా దారికి అడ్డం పడుతుంది. బిగించేముందు పైపు అంచు, గొట్టం లోపలి భాగం జిడ్డు లేకుండా తుడిచి ఆరనివ్వాలి. తుడిచిన గుడ్డ ముక్క లోపల మరిచిపోతే టర్బో రెక్కలకు అదే ఆఖరి రోజు, లెక్కపెట్టి బయటికి తీయండి.

చప్పుడు కోసం కొందరు పెట్రోల్ బండ్ల డంప్ వాల్వు డీజిల్‌కు పెడతారు. మీ బండికి ఉంటే తీయించి ఆ చోటు మూయించండి. డీజిల్‌కు దాంతో పని లేదు, గాలి కారే ఇంకో జాయింటు తప్ప.

ఇంటర్‌కూలర్ మీద అనుమానం మిగిలితే మీటర్‌ను ఒకసారి టర్బో మూతి దగ్గర, ఇంకోసారి మానిఫోల్డ్ దగ్గర పెట్టి ఒకే రోడ్డు మీద, ఒకే గేరులో చూడండి. రెండింటి మధ్య 0.1, మహా అయితే 0.15 బార్ తేడా ఉండొచ్చు. అంతకు మించితే లోపల ఆయిల్ ముద్దకట్టి ఉంటుంది, లేదా గొట్టం పొర ఊడి ఉంటుంది. దాని ముందు రెక్కల్లో ఇరుక్కున్న పత్తి, గడ్డి గింజలను ఇంజన్ వైపు నుంచి ముందుకు మెల్లటి నీటి ధారతో కడగండి. రేడియేటర్‌కు గాలి తగలక ముల్లు పైకి పోవడంలో దీని వాటా కూడా ఉంటుంది.

యాక్చుయేటర్ రాడ్డు గురించి

మూడో మేస్త్రీ సలహా ఎందుకు ప్రమాదమో చెబుతాను. బూస్ట్ ఒక హద్దు దాటితే యాక్చుయేటర్ రాడ్డు వేస్ట్‌గేట్ తలుపు తెరిచి, టర్బైన్‌కు పోయే పొగలో కొంత పక్కదారి పట్టిస్తుంది. గాలి కారి 0.35 దగ్గరే ఆగిపోతున్న బండిలో ఆ హద్దే రావడం లేదు, తలుపు తెరుచుకోవడమే లేదు. రాడ్డు బిగిస్తే ఇప్పుడు ఏమీ మారదు. రేపు జాయింటు బాగు చేసి ఎక్సలేటర్ తొక్కిన రోజు బూస్ట్ 1 బార్ దాటి పోతుంది. మీ ఇంజన్‌కు 0.6 నుంచి 0.7 చాలు.

ఇంకో పొరపాటు కూడా తరచూ వినిపిస్తుంది. యాక్చుయేటర్‌కు వెళ్లే సన్న గొట్టం ఊడితే బూస్ట్ తగ్గుతుందంటారు. గొట్టం నుంచి కాస్త గాలి కారడం నిజమే, కానీ అసలు జరిగేది ఉల్టా. కబురు అందక తలుపు తెరుచుకోదు, బూస్ట్ హద్దు లేకుండా పెరుగుతుంది. డయాఫ్రమ్ చిరిగినా అంతే.

వేస్ట్‌గేట్ వల్ల బూస్ట్ తగ్గేది తలుపు సరిగా మూసుకోనప్పుడు. మసి గడ్డ అంచులో ఇరుక్కున్నా, తలుపు పిన్ను అరిగి వంకరగా కూర్చున్నా, రాడ్డు అసలు ఒత్తిడి లేకుండా వదులుగా బిగించినా అట్లా అవుతుంది. పరీక్ష సులువు. రాడ్డు మీద వైట్‌నర్‌తో చుక్క పెట్టండి. యాక్చుయేటర్ గొట్టానికి రెగ్యులేటర్ నుంచి కొంచెం కొంచెం గాలి పెంచండి. 0.7 బార్ కావాల్సిన బండికి చుక్క 0.55, 0.6 దగ్గర కదలడం మొదలవ్వాలి. 0.3కే కదిలితే స్ప్రింగు బలహీనం, లేదా ఆ యాక్చుయేటర్ ఈ టర్బోది కాదు. వేరే బండి నుంచి తీసిన టర్బోకు ఇది జరగొచ్చు. గాలి ఆపి ఉంచితే గేజీ ముల్లు నిలబడాలి, జారిపోతే డయాఫ్రమ్ చిరిగింది. గాలి లేనప్పుడు రాడ్డును లివర్ నుంచి విప్పితే, తిరిగి పెట్టడానికి ఒకటి రెండు మిల్లీమీటర్లు లాగాల్సి రావాలి. ఆ లాగుడే తలుపును మూసి పట్టుకునేది.

వేడి వైపు

పొగ బయటికి వచ్చే మానిఫోల్డుకూ టర్బోకూ మధ్య మీ మేస్త్రీ ఇనుప పలకతో అడాప్టర్ చేసి ఉంటాడు. ఉదయం చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలో టుక్ టుక్ మని వినిపిస్తే, గాస్కెట్ పక్కన నల్లటి మసి గీతలు కనిపిస్తే, టర్బైన్‌ను తిప్పాల్సిన పొగ ముందే బయటపడుతోందని అర్థం. పలక విప్పి, దాని మీద నిటారు ఉక్కు స్కేలు నిలబెట్టి కింద ఫీలర్ గేజీ తోయండి. 0.1 మిల్లీమీటర్ ఆకు దూరితే పలక వంగింది, మిల్లింగ్ చేయించాలి. 6 మిల్లీమీటర్ల పలక ఆ వేడికి వంగుతూనే ఉంటుంది, 12 మిల్లీమీటర్లది వేయించండి. ఎం-సీల్ లాంటివి ఇక్కడ కాలి రాలిపోతాయి. సైలెన్సర్ బరువు టర్బో మీద వేలాడకూడదు. గేరుబాక్సు దగ్గర ఒక బ్రాకెట్, దాని ముందు ఒక అల్లిక ఫ్లెక్సిబుల్ పైపు ఉంటే ఇంజన్ ఊగినా మానిఫోల్డ్ పగలదు. బాగా వేడి మీదున్న బండిని లోతైన వాగులోకి ఒక్కసారిగా దించినా పోత ఇనుము పగులుతుంది, ఒడ్డున రెండు నిమిషాలు ఆగండి.

టర్బో తర్వాతి పైపు కూడా చూడండి. కింద రాయి కొట్టి నొక్కుకుపోయి ఉంటే అది బూస్ట్‌ను నేరుగా తినేస్తుంది. పాత జీపు సన్న పైపునే వాడుతుంటే రెండున్నర అంగుళాలది వేయించండి.

ఇక టర్బో

ఇంత చేశాక కూడా 0.35 దగ్గరే ఉంటే అప్పుడు టర్బో. ఫిల్టర్ గొట్టం ఎలాగూ విప్పారు కనుక ఫోను లైటు వేసి రెక్కల అంచులు ఫోటో తీయండి. దుమ్ము తిన్న రెక్కల అంచులు ఉప్పుకాగితంతో రుద్దినట్టు గుండ్రంగా, పలుచగా ఉంటాయి. ముక్క విరిగి ఉంటే బండి అసలు స్టార్ట్ చేయొద్దు. షాఫ్టును పక్కలకు కదిపితే కొంచెం ఆడటం మామూలే, నడిచేటప్పుడు ఆ సందును ఆయిల్ నింపుతుంది. పక్కకు నొక్కి పట్టి తిప్పితే రెక్క గోడకు గీసుకుంటే బేరింగు పోయింది. ముందుకూ వెనక్కూ లాగితే చేతికి తెలిసేంత ఆట ఉండకూడదు.

బేరింగు పోయి ఉంటే కొత్తది పెట్టేముందు ఎందుకు పోయిందో చూడాలి, లేకుంటే కొత్తదీ అదే దారి పడుతుంది. టర్బో నుంచి ఆయిల్ దిగే పైపు బొటనవేలు దూరేంత లావుగా, ఎక్కడా పైకి లేవకుండా నిటారుగా దిగి, సంపులో (ఇంజన్ కింది ఆయిల్ తొట్టిలో) ఆయిల్ మట్టానికి పైన కలవాలి. మట్టానికి కింద కలిపితే ఆయిల్ వెనక్కి నిలిచి సీళ్ల నుంచి కారుతుంది, అప్పుడు నీలం పొగ వస్తుంది. ఏటవాలు గుట్ట మీద బండి ఒరిగినప్పుడు ఈ లోపం బయటపడుతుంది. ఆయిల్ సిఐ-4 రకం 15డబ్ల్యూ-40 వాడండి, 5,000 కిలోమీటర్లకు ఫిల్టర్‌తో సహా మార్చండి. ఎక్కుడు ఎక్కి ఆపేటప్పుడు రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి. ఎర్రగా కాలిన టర్బోలో ఆయిల్ ఆగిపోతే అక్కడే మాడి బొగ్గవుతుంది.

బాగు చేశాక పరీక్ష

కొండమల్లేపల్లి, దేవరకొండ మీదుగా డిండి వైపు రోడ్డు ఖాళీగా ఉండే ఉదయం పూట ఎంచుకోండి. మూడో గేరులో 1500 ఆర్పీఎం నుంచి 3000 దాకా ఎక్సలేటర్ పూర్తిగా తొక్కండి. మీటర్‌ను పక్కనున్న మనిషి ఫోనులో వీడియో తీయాలి, మీ కళ్లు రోడ్డు మీదే ఉండాలి. 2000, 2200 మధ్య 0.5 దాటి, ఆ తర్వాత 0.65, 0.7 దగ్గర ముల్లు నిలబడాలి. మొదట్లో ఒక పొగ తెర వచ్చి వెంటనే తేలిపోతే సరే. పొగ తెరిపి లేకుండా వస్తూ, బూస్ట్ మాత్రం సరిగ్గా ఉంటే అప్పుడు ఇంజెక్టర్ నాజిళ్లు టెస్టు చేయించండి, కారే నాజిల్ కూడా నల్లపొగే పోస్తుంది. అదీ సరిగా ఉండి పొగ మిగిలితేనే పంపు స్క్రూను ఎనిమిదో వంతు చుట్టు చొప్పున తగ్గించండి. చేయగలిగితే పొగ వైపు మానిఫోల్డ్‌లో టర్బోకు ముందు పొగ వేడి చూపే మీటర్ పెట్టించండి. ఎక్కుడులో అది 700 డిగ్రీలు దాటుతుంటే ఎక్సలేటర్ తగ్గించి గేరు మార్చండి.

తర్వాతే ఈగలపెంట ఎక్కుడు. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో రోడ్డు దిగి బండి నడపకూడదు, మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుంది, పొద్దున్నే బయలుదేరండి. తయారీదారు ఇవ్వని టర్బో పెట్టిన బండికి బండిలో మార్పుల గురించిన మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వర్తిస్తుంది, ప్రమాదం జరిగితే బీమా దగ్గర ఇదే మొదటి ప్రశ్న అవుతుంది. రవాణా కార్యాలయంలో ముందే అడిగి తెలుసుకోండి.

బాగు చేసిన 500 కిలోమీటర్లకు ఒకసారి, ఆ తర్వాత ప్రతి వాగు ప్రయాణం తర్వాత, టి-బోల్ట్ క్లాంపులు, టర్బో ఫ్లాంజి నట్లు చల్లటి ఇంజన్ మీద బిగింపు చూడండి. ఆ మూత, వాల్వు పారేయకుండా టూల్ డబ్బాలో ఉంచండి. మళ్లీ సుయ్‌మంటే పావుగంటలో దొరుకుతుంది.